నమాజు వరుసలోని సమానత్వం



కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లేవారి దరఖాస్తులు నింపడం ఉద్యోగ విరమణ తర్వాత మాకు నిత్యకృత్యమైంది. తిరిగి వచ్చినవారి గోడు వినడమూ మా వంతే.

వారు ఆ సమాజాన్ని పూర్తిగా మెచ్చుకోరు, పూర్తిగా నిందించరు. రంజాన్‌లో మసీదుల వద్ద ఎవరు, ఏ దేశం అని అడగకుండా ఇఫ్తార్ పెడతారని కృతజ్ఞతతో చెబుతారు. నమాజు వరుసలో యజమాని భుజానికి డ్రైవరు భుజం ఆనుతుంది. వరుస విడిపోగానే కఫాలా విధానం మొదలవుతుంది. డ్రైవరు నివాస అనుమతి యజమానితోనే ముడిపడి ఉంటుంది.

కువైట్ 2015లో తెచ్చిన 68వ చట్టం ఇంటి పనివారికి వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏటా 30 రోజుల వేతన సెలవు ఇచ్చింది. పనివారి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోరాదన్నది. అయినా తమ పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉండిపోయిందని చెప్పి కన్నీరు పెట్టుకున్న సోదరీమణులను మేము చూశాము.

ముస్లిం దేశంపై ఫిర్యాదు చేస్తే దీన్‌కు మచ్చ అని పెద్దలు వారిని వారించారు. మేమూ అప్పుడు మౌనం వహించాము. అది మా తప్పు. కూలివాని కూలి ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధనను మరవడమే దీన్‌కు మచ్చ.

ఇక్కడ మైనారిటీలుగా హక్కులు కోరే మనం అక్కడి అన్యాయాన్నీ అదే తూకంతో తూచాలి. మన వంటింట్లో పనిచేసే ఆడబిడ్డకు వారానికొక సెలవు ఇస్తున్నామా? ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఆలోచించండి.