లంబసింగి: కొండమీది ఊరు, కొండెక్కిన దారి

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉంది లంబసింగి. తూర్పు కనుమల్లో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరిది.

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు, శీతాకాలపు రాత్రుల్లో ఆకాశం తేటగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి చుట్టూ ఉన్న కొండలపై నుంచి పల్లానికి దిగి, అక్కడే నిలిచిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కమ్ముకుంటుంది. వాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి.

మైదానం నుంచి ఇక్కడికి ప్రధాన దారి నర్సీపట్నం ఘాట్ రోడ్డు. మలుపులు తిరుగుతూ పైకెక్కి, ఊరు దాటి చింతపల్లికి సాగుతుంది. ఈ దారి వెనుక గిరిజనుల చెమట ఉంది. బ్రిటిష్ పాలనలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా వారిచేత రోడ్డు పనులు చేయించాడు. ఆ ఆగ్రహమే మన్యం పోరాటానికి ఒక కారణమైంది. ఆ పోరాటంలో భాగంగానే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడిచేసింది.

ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి కూడా ఈ ప్రాంతాన్ని కలుపుతోంది. మంచు చూడటానికి వెళ్లేవారు మలుపుల్లో నెమ్మదిగా నడపండి, ప్లాస్టిక్ చెత్త కొండమీద వదలకండి. ఆ కొండ అక్కడి గిరిజనుల ఇల్లు, పొలం, బతుకుదెరువు.