రాబోయే పన్నును ముందే ఖర్చు చేసిన పేట

 

విశ్వవిద్యాలయం వస్తే ఊరు బాగుపడుతుందని అందరూ అంటారు. మేమూ అలా అనుకున్నవారమే. అయితే ఆ బాగుకు పెట్టుబడి ఎవరిది, అక్కడ పుట్టే కొలువులు ఎవరివి అని రెండు ప్రశ్నలనూ కలిపి అడిగితే గాని అసలు సంగతి తేలదు. ఇందుకు అమెరికాలోని బాల్టిమోర్ నగరపు అనుభవాన్ని మీ ముందుంచుతున్నాము.

ఆ నగరం నడిబొడ్డుకు చేరువలో, తూర్పు భాగాన, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889 నుండి ఉన్నది. దాని పక్కన ఉన్న పేట పేరు మిడిల్ ఈస్ట్. పేరు వినగానే మనకు అరబ్బు దేశాలు తలపునకు వస్తాయి గాని, అక్కడ నివసించినవారు అత్యధికంగా నల్లజాతి పేదలు. పాడుబడిన ఇళ్ళు, నిరుద్యోగం ఆ పేట రూపురేఖలు. ఎదురుగా ప్రపంచ ప్రఖ్యాత వైద్య విద్యాలయం. 2001లో నగరపాలకులు ఇక్కడ బయోటెక్ పార్కు కట్టెదమని ప్రకటించారు. పథకం 88 ఎకరాలకు విస్తరించినది. 8,000 వరకు ఉద్యోగాలు వస్తాయన్నారు. ఆ మాట మీద, ప్రజాప్రయోజనం పేరిట భూసేకరణ అధికారాన్ని వాడి, 700కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు.

డబ్బు సంగతి కొంచెం ఓపికగా వినవలసినది. నగరం, రాష్ట్రం, కేంద్రం ఇచ్చిన నిధులకు తోడు, విశ్వవిద్యాలయం, ఒక పెద్ద ధర్మసంస్థ కూడా చేయి కలిపాయి. వీటితోపాటు ‘టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్’ అనే పద్ధతి నడిచినది. ఒక ప్రాంతంలో కొత్త భవనాలు లేస్తే ఆస్తిపన్ను పెరుగుతుంది కదా. ఆ పెరగబోయే పన్నును చూపి నగరం నేడే బాండ్లు అమ్మి అప్పు తెచ్చి, పనులకు ఖర్చు చేస్తుంది. అనగా పుట్టబోయే బిడ్డ సంపాదన మీద అప్పు. మామూలుగా అయితే ఆ పెరిగిన పన్ను బడులకు, పారిశుద్ధ్యానికి పోవలసినది. అప్పు తీరేవరకు అది బాండ్ల వాయిదాలకే పోతుంది.

ఇక్కడొక మెలిక ఉన్నది. లాభాపేక్ష లేని విశ్వవిద్యాలయాల సొంత భవనాలకు అక్కడ సాధారణంగా ఆస్తిపన్ను ఉండదు. కావున అప్పు తీరవలసినది ప్రైవేటు భవనాల పన్నుతోనే. ఆ ప్రైవేటు సంస్థలు రాకపోతే? 2008లో మొదటి ప్రయోగశాల భవనం తెరిచిన ఏడాదే ఆర్థికమాంద్యం విరుచుకుపడినది. అనుకున్న బయోటెక్ సంస్థలు అనుకున్నంతగా రాలేదు. పథకం రూపు మార్చి విద్యార్థుల వసతి భవనం, రాష్ట్ర ప్రజారోగ్య ప్రయోగశాల, 2014లో ఒక పాఠశాల, 2017లో ఒక ఉద్యానవనం కట్టారు. ఇవి మంచివే, కాదనము. కాని ఇళ్ళు వదిలినవారికి చెప్పిన కారణం ఉద్యోగాలు.

పైగా ఏ ఉద్యోగాలు? ప్రయోగశాలకు డాక్టరేటు చదివినవారు కావాలి. ఆ పేటవారిలో ఎక్కువమంది హైస్కూలుతో ఆగినవారు. బాల్టిమోర్‌లోనే హైస్కూలు చదివినవారికి ఉచితంగా ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి 1998 నుండి ఉన్నది. కాబట్టి దారి లేదనలేము. ఆ దారిని ఎంతమందికి, ఏ తేదీలోగా అని ఒప్పందంలో ముందే రాసుకోవాలి.

మేము దశాబ్దాలు గుమాస్తాగిరీ చేసినవారము. ‘స్థానికులకు ప్రాధాన్యమివ్వబడును’ అన్న వాక్యాన్ని ఎన్నో ఫైళ్ళలో మా చేత్తోనే రాశాము. సంఖ్య లేదు, గడువు లేదు, తప్పితే కోత లేదు. బిల్లు పాసు చేసే నాడు ఆ వాక్యాన్ని ఎవరూ తిప్పి చూడలేదు, మాతో సహా.

బాల్టిమోర్ పేటవారు ఊరుకోలేదు. ‘సేవ్ మిడిల్ ఈస్ట్ యాక్షన్ కమిటీ’ అనే సంఘం కట్టుకున్నారు. కూల్చివేతల్లో లేచే సీసపు దుమ్ము పిల్లలకు విషమని పట్టుబట్టి, నీళ్ళు చల్లి జాగ్రత్తగా కూల్చే నియమాలు సాధించారు. ఇంటి పరిహారం మరో ఇల్లు కొనుక్కోవడానికి చాలాలని వాదించి పెంపించుకున్నారు. ఇవేవీ మొదటి పథకంలో దయగా ఇచ్చినవి కావు.

ఉద్యోగాల విషయంలో కదలిక రావడానికి ఇంకా కాలం పట్టినది. 2015 ఏప్రిల్‌లో ఫ్రెడీ గ్రే అనే నల్లజాతి యువకుడు పోలీసుల అదుపులో గాయపడి మరణించగా నగరం అట్టుడికినది. ఆ ఏడాదే హాప్కిన్స్ సంస్థ ‘హాప్కిన్స్‌లోకల్’ పేరిట నిర్మాణాలు, నియామకాలు, కొనుగోళ్ళు మూడింటిలోనూ స్థానికులకు లక్ష్యాలు ప్రకటించినది. శిక్ష అనుభవించి వచ్చినవారికీ పని ఇచ్చే అలవాటు ఆ ఆసుపత్రికి అంతకు ముందే ఉన్నది. ఇది మెచ్చదగిన విషయం. అయినా ఆ లక్ష్యాలు వచ్చినది పథకం ప్రకటించిన పద్నాలుగేళ్ళకు. అప్పటికి ఆ 700 కుటుంబాలు నగరంలో ఎక్కడెక్కడికో చెదరిపోయాయి.

తిరిగి వచ్చే హక్కు కాగితంపై ఉన్నా, కొత్త ఇళ్ళ ధరలు పాతవారికి అందేవి కావు. ఆ ప్రాంతాన్ని ఇప్పుడు ఉద్యానవనం పేరుతో ఈగర్ పార్క్ అంటున్నారు. బాండ్ల పద్ధతి గురించి ఇంకా వివరంగా తెలుసుకోదలచినవారు సభ ముగిసిన పిమ్మట మమ్మల్ని కలవగలరు. రాసుకున్న కాగితాలు వెంటనే ఉన్నాయి.