నలుగురికి నేర్పితే చాలు

మార్పు రావాలంటే వేలమందిని పోగుచేయాలని అనుకుంటాం. కర్ణాటక సంగీత గురువు డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి జీవితం మరో దారి చూపిస్తుంది.

ఆయన 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టారు. వృత్తిరీత్యా వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. రోగులను చూసుకుంటూ, వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూనే, మిగిలిన సమయమంతా సంగీతానికి ఇచ్చారు. శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, గమకం, అంటే స్వరాన్ని ఊగించి పలికే తీరు, సరిగ్గా పలికేదాకా పాడించేవారు. అలాంటి చదువు గుంపుకు చెప్పేది కాదు. ఒక్కొక్కరి గొంతు విని దిద్దాలి.

అలా తయారైనవారే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు. వోలేటి గారు విజయవాడ ఆకాశవాణి ద్వారా ఆ విద్యను ఇంటింటికీ చేర్చారు. నేదునూరి గారు అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టారు, గాయకులైన మల్లాది సోదరులను తీర్చిదిద్దారు. ఒక దీపం నుంచి మరో దీపం వెలిగింది. పినాకపాణి గారు 2013లో కన్నుమూశారు. ఆయన బాణీ ఇంకా వినిపిస్తూనే ఉంది.

మీకూ ఏదో ఒక విద్య వచ్చే ఉంటుంది. అది నేత కావచ్చు, లెక్కలు కావచ్చు, వ్యవసాయం కావచ్చు. ఈ ఏడాది ఇద్దరు పిల్లలను చేరదీయండి. వారానికి ఒక గంట కేటాయించండి. తప్పులను ఓపికగా దిద్దండి. మరో ఇద్దరికి నేర్పుతామని వాళ్ల దగ్గర మాట తీసుకోండి.