శబరి ఎగపోటు: చింతూరు, కూనవరం వరద లెక్క

(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోర్టులోనో, స్టీల్ ప్లాంటులోనో డ్యూటీ చేస్తూ మన్యంలో ఇల్లున్నవాళ్ళం ఇక్కడ చాలామందిమి. ఆగస్టు 9న మనం ఆదివాసీ దినోత్సవం జరుపుకునే రోజులే గోదావరికి వరద రోజులు. అందుకే థింసా మొదలయ్యేలోగా ఈ నాలుగు మాటలు.

పాడేరు, ముంచింగిపుట్టు వైపు వాళ్ళు గమనించాలి. మీ కొండల మీద పడ్డ వానంతా ఇటు సముద్రం వైపు రాదు. అనంతగిరి వైపు నీళ్ళు గోస్తని, శారద పట్టుకుని ఇటు దిగుతాయి. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం అటు తిరిగి, డుడుమ దగ్గర దూకి, సీలేరని పేరు మార్చుకుని శబరిలో కలుస్తుంది. శబరి చింతూరు మీదుగా పోయి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. మన వాన వాళ్ళ గుమ్మం ముందు నుంచే పోతుందన్నమాట.

పోతే బాధ లేదు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరిని లోపలికి రానివ్వదు. నీళ్ళు వెనక్కి తన్నుతాయి. దీన్నే ఎగపోటు అంటాం. చింతూరులో చుక్క వాన లేకపోయినా నీరు పెరుగుతుంది. ముందు సోకిలేరు, చంద్రవంక లాంటి వాగులు ఉబ్బి రోడ్ల మీదికొస్తాయి. ఇంట్లోకి నీళ్ళు రాకముందే దారి పోతుంది. నా మాటలో ముఖ్యమైనది ఇదే: అక్కడ ప్రమాదాన్ని ఇల్లు మునిగే రోజు నుంచి కాదు, దారి తెగే రోజు నుంచి లెక్కపెట్టాలి. నిండు గర్భిణిని, మంచంపట్టిన ముసలాయన్ని తరలించాల్సింది ఆ లోపలే.

ఇప్పుడు లెక్క ఎలా ఉంది? భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. పోలవరం లెక్క మీటర్లలో: మొదటి విడత 41.15, పూర్తి మట్టం 45.72. ఈ అంకెలన్నీ ఇంజనీర్లకు కావాలి, కాదనను. కానీ కూనవరంలో ఒక కోయ ఇల్లాలికి వీటిలో ఏ అంకె తన అరుగు మీదికి నీళ్ళొస్తాయని చెబుతుంది? 41.15 గీతకు పైన ఉన్నాయని మొదటి విడతలో చేర్చని ఊళ్ళు కూడా 2022లో మునిగాయి. గీత కాగితం మీద సాఫీగా ఉంటుంది, నీటికి రెండు నదుల ఒత్తిడి ఉంటుంది.

కరకట్ట కడితే పోదా అని అడుగుతారు. భద్రాచలానికి కట్ట ఉంది. అది నదిని ఆపినా, లోపల కురిసిన నీళ్ళను మోటార్లతో బయటికి తోడాల్సిందే. రెండు నదులు కలిసే కూనవరానికి ఎటు పక్క ఎంత కట్ట కడతాం? నా ఉద్దేశంలో అక్కడ మెరక నేలే గట్టి మందు. భూమితో, ఊరు ఊరంతా ఒకచోట ఉండేలా ఇస్తేనే అది పునరావాసం. కోయల్ని ఒకవైపు, కొండరెడ్లను మరోవైపు ముక్కలుగా పంపితే కొలుపులు, పండగలు ఎవరు చేస్తారు?

అప్పటిదాకా చేయగలిగింది ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. ప్రతి ఊళ్ళో బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద 1986 నీరు ఎంతవరకు వచ్చిందో, 2022 నీరు ఎంతవరకు వచ్చిందో రంగుతో గీయాలి. పక్కనే, భద్రాచలంలో ఎన్ని అడుగులున్నప్పుడు ఈ ఊరి దారి తెగిందో రాయాలి. కోయలో కూడా రాయాలి, తెలుగు లిపిలోనైనా సరే. 1986 చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆ గుర్తులు చెప్పగలిగేది వాళ్ళే. మన సంఘంలో చదువుకునే పిల్లలు సంక్రాంతి సెలవులకు అటు వెళితే, నోటుపుస్తకం, కొలత టేపు పట్టుకెళ్ళండి. సంక్రాంతికి నది దిగి ఉంటుంది, గోడల మీద మరకలు చూపించి చెప్పడానికి మనుషులకు తీరిక ఉంటుంది. ఆ పుస్తకాలు ఇక్కడికి తెస్తే చింతూరు ఐటీడీఏకి పట్టుకెళ్ళే పని నేను చూసుకుంటాను.