అందుబాటులో ఇల్లు

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు వస్తే అద్దెలూ పెరుగుతాయి. ఆ బరువు కూలినాలి చేసుకునేవాళ్లమీదే పడుతుంది. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టే టిడ్కో ఇళ్లు ఇందుకొక జవాబు: 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. ఇటుక పేర్చకుండా అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడలు లేపుతారు. పని త్వరగా తెములుతుంది గానీ, రాయలసీమ ఎండకు పలచని కాంక్రీటు గోడ వేడెక్కుతుంది. మన మట్టిమిద్దెల మందపాటి గోడలు ఆ వేడిని ఆపేవి. ఇంటి పనికి వాడుకోదగ్గ బేతంచెర్ల నాపరాయి కూడా జిల్లాలోనే దొరుకుతుంది, కాబట్టి రవాణా ఖర్చూ తక్కువే.

అయితే గోడలు లేపితేనే సరిపోదు. సింగపూర్ 1960లో హౌసింగ్ బోర్డు పెట్టి, ఇళ్లతోపాటే బడి, బజారు, బస్సు ఏర్పాటు చేసింది. నేడు అక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది ఆ ఇళ్లలోనే. నంద్యాలైనా, ఆళ్లగడ్డైనా పాటించాల్సింది ఇదే: వాగులు ముంచే పల్లాలు వదిలేయాలి, బడి, బజారు, బస్సు ఉండేలా, పనికి దగ్గర్లో ఇల్లు కట్టాలి.