చెఱకుతోటలలో తెలుగు గడపలు: మారిషస్, దక్షిణాఫ్రికాల జీవనస్థితి

ఏ గురువర్యుల సంస్మరణార్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో, వారు ఈ పాతనగరపు పాఠశాలలో భూగోళమును బోధించుచు, ఒక దేశమును ఎఱుగవలెనన్న దాని గనులను, పంటలను లెక్కించిన చాలదనియు, అచ్చటి కూలివాడు ఏమి తినుచున్నాడో, వాని బిడ్డ ఏమి చదువుచున్నదో విచారింపవలెననియు చెప్పెడివారు. ఆ మార్గముననే ఆఫ్రికాకు చెందిన మారిషస్, దక్షిణాఫ్రికా దేశములను, అచ్చటికి కూలికిపోయిన మన తెలుగువారి గడపలయొద్ద నిలిచి పోల్చిచూడ సంకల్పించితిని. ఆఫ్రికా మన నగరమునకు పరాయిది కాదు. నిజాము ప్రభువుల కొలువులో అంగరక్షకులైన ఆఫ్రికా అశ్వికుల సంతతివారు ఏ.సి. గార్డ్స్ పేటలో నేటికిని మనకు ఇరుగుపొరుగువారే.

1835లో మారిషస్‌లో బానిసత్వము రద్దుకాగా, చెఱకుతోటల దొరలు భారతదేశపు రేవులవైపు చూచిరి. గోదావరి సాగరసంగమమున నున్న కోరంగినుండి ఓడనెక్కినవారగుటచేత మనవారికి ఆ ద్వీపమున ‘కోరంగీలు’ అను పేరు నిలిచినది. దక్షిణాఫ్రికాలోని నటాలుకు ప్రయాణములు పిమ్మట మొదలైనవి. 1860 నవంబరు 16న మద్రాసునుండి ‘ట్రూరో’ అను ఓడ డర్బను చేరినది. 1911 నాటికి భారతదేశమునుండి అట్లు నటాలు చేరిన కూలీలు 1,52,184 మంది. మారిషస్‌కు పోయినవారు సుమారు నాలుగున్నర లక్షలు. మారిషస్‌లో కూలి నెలకు అయిదు రూపాయలు, నటాలులో పది షిల్లింగులు; నాటి మారకమున రెండును ఒక్కటే. ఒకే తీరమునుండి, ఒకే ఆకలితో, ఒకే కూలికి పోయినవారి మునిమనుమల బ్రతుకులు రెండుచోట్ల రెండు విధములుగా ఎందుకు పరిణమించినవి?

మారిషస్‌లో బ్రతుకు మెఱుగైనది దొరలు దయాళువులగుటచేత కాదు. ఒకనాడు పనికి రానివానికి రెండునాళ్ల కూలి కోసివేయుట అచ్చటి ఆచారము. 1867 నాటి శాసనము ఒప్పందము తీరినవానిని సైతము ఛాయాచిత్రముతో కూడిన అనుమతిపత్రము లేనిచో దేశదిమ్మరిగా పరిగణించి చెఱలో వేయించినది. అయితే పంచదార ధర పడిపోయిన దినములలో తోటల యజమానులు నష్టమునకు తాళలేక భూములను ముక్కలుచేసి అమ్మజూపగా, పైసకు పైస కూడబెట్టిన కూలీలు వానిని కొనిరి. కూలివాడు చిన్నరైతయ్యెను. 1948 ఎన్నికలనాటికి, దీవిలో వాడుకలోనున్న భాషలలో ఏదేని ఒకదానియందు సులభవాక్యములు చదివి వ్రాయగలవారికి ఓటు లభించినది. రాత్రిబడిలో ఓనమాలు దిద్దిన తండ్రి అట్లు శాసనసభ్యుని ఎన్నుకొన్నాడు. 1958లో వృద్ధులందఱికిని పింఛను, 1977లో ఉచిత మాధ్యమికవిద్య, ఈ రెండును ఆ ఓటు ఫలములేయని నా దృఢవిశ్వాసము. జేమ్స్ మీడ్ వంటి అర్థశాస్త్రవేత్త 1961లో ఆ దీవికి భవిష్యత్తు లేదని భయపడెను. ఆ భయము నిజము కాలేదు.

నటాలులో జరిగినది దీనికి విపర్యయము. ఒప్పందము తీరి అక్కడనే నిలువదలచినవానిపై 1895లో ఏటికి మూడు పౌనుల పన్ను విధించిరి. నెలకు పది షిల్లింగుల లెక్కన అది ఆఱు నెలల కూలి! మఱుసటి యేటనే ఓటుహక్కు తలుపు మూసిరి. 1913లో ఆ పన్నుకు వ్యతిరేకముగా న్యూకాసిల్ బొగ్గుగనుల కూలీలను సమ్మెకు కదల్చిన తంబి నాయుడు మారిషస్‌లోనే పుట్టినవాడగుట గమనింపదగినది. 1914లో పన్ను పోయినది, అవమానము పోలేదు. 1950 నాటి జాతివారీ నివాసశాసనమును పట్టుకొని, కేటో మేనరులో కూరగాయలు పండించుకొని, గుడి కట్టుకొని, బడి పెట్టుకొనిన కుటుంబములను పెకలించి చాట్స్‌వర్త్ ఇండ్లవరుసలలో పడవేసిరి. తాత నాటిన చెట్టు క్రింద మనుమడు కూర్చుండరాదని శాసించుటకన్న క్రూరమైన దారిద్ర్యము మఱియొకటి కలదా? దేశమందలి ఎల్లరతో సమానమైన ఓటు వారికి 1994లోగాని రాలేదు.

నేడు మారిషస్ పౌరుని సగటు ఆయువు డెబ్బది ఏండ్లు మించినది; బంగారుగనులును, మహావిశ్వవిద్యాలయములును గల దక్షిణాఫ్రికాలో అది అరువది అయిదు ప్రాంతమున నున్నది, ఎయిడ్స్ ప్రబలిన దినములలో ఇంకను క్రిందికి దిగినది. అచ్చటి ఆదాయ అసమానత ప్రపంచములోనే అత్యధికమైన వానిలో ఒకటి, పనికోరువారిలో మూడవవంతు నిరుద్యోగులు. అట్లని మారిషస్‌ను స్వర్గమనను. ఆ దీవిలో ఆఫ్రికా బానిసల సంతతియైన క్రియోలులు చదువులోను, భూమిలోను వెనుకబడియే యున్నారు. 1999లో ఆ వర్గపు గాయకుడు కాయా పోలీసు నిర్బంధములో మరణించినప్పుడు చెలరేగిన అల్లరులు ఆ గాయమును వెల్లడించినవి.

భాషవిషయమునను ఇదే భేదము. మారిషస్‌లో ఉగాది సర్కారు సెలవుదినము, ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు బోధన కలదు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చట జరిగినవి. దక్షిణాఫ్రికాలో 1996 నాటి రాజ్యాంగము ఆఱవ అధికరణములో తెలుగును ఆదరింపవలసిన భాషగా పేర్కొన్నను, దానిని నిలిపినది 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ, ఆదివారపు స్వచ్ఛంద బోధకులును. ఎచ్చట భూమి కొనరాదో, ఎచ్చట ఓటు లేదో, ఎచ్చట బడి లేదో, అచ్చట కూలి ఎంతయైనను జీవనస్థితి మెఱుగుపడదని ఈ రెండు దేశముల చరిత్ర నాకు చెప్పుచున్నది.

ఈ సభలోనివారి కుమారులనేకులు గల్ఫు దేశములలో ఉన్నారు. వారికి భూమియు లేదు, ఓటును లేదు. చేతనున్నది ఒప్పందపత్రమొక్కటే, అదియు తమకు రాని భాషలో వ్రాసినది. మన పెద్దలు కోరంగి రేవున ఒప్పందమును చదువనేరకయే సమ్మతించిరి. శాలిబండ, లాల్‌దర్వాజ, గౌలిపురా వాడల న్యాయవాదులును, విశ్రాంత ఉపాధ్యాయులును కలిసి, వారమునకొక సాయంకాలము ఈ భవనమునందే కూర్చుండి, ప్రయాణమగు యువకులకు ఆ పత్రమును తెలుగున, ఉర్దూన చదివి వినిపించి, సందేహములు తీర్చి, పిమ్మటనే సంతకము చేయించు ఏర్పాటు చేయవలెనని మిమ్ము ప్రార్థించుచున్నాను.