సరస్సు అద్దంలా ఉన్నప్పుడే అలారం ఎందుకు కొట్టారు?

టాపిక్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న ప్రశ్న. ఒక చెరువు పాడైపోతోందని మనకి ఎప్పుడు తెలుస్తుంది? కంపు కొట్టినప్పుడు. చేపలు చచ్చి పైకి తేలినప్పుడు. నురగ రోడ్డు మీదకి వచ్చినప్పుడు. అంతే కదా?

ఇవాళ చెప్పే సరస్సులో ఇవేవీ జరగలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయినా "ఇది పాడవుతోంది, మీ ఆవుల లెక్క మార్చుకోండి" అని రైతుల దగ్గరికి ఒక ఆఫీసు వెళ్ళింది. రైతులు ఊరుకుంటారా? కోర్టుకి వెళ్ళారు. ఆ కథే ఈ ఎపిసోడ్.

ప్లేస్ న్యూజిలాండ్. సరస్సు పేరు టౌపో. 616 చదరపు కిలోమీటర్లు, అంటే మన జీహెచ్‌ఎంసీ పాత హద్దులకంటే కాస్త తక్కువ. ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద సరస్సు ఇదే. అన్నిటికంటే పొడవైన వైకాటో నది బయల్దేరేదీ ఇక్కడి నుంచే.

ముందు ఆ ఆఫీసు ఏంటో చూద్దాం. న్యూజిలాండ్‌లో లోకల్ ప్రభుత్వం రెండు రకాలు. రోడ్లు, చెత్త, ఊరి మంచినీళ్ళు చూసేది డిస్ట్రిక్ట్ లేదా సిటీ కౌన్సిల్. నదులు, భూగర్భ జలాలు, గాలి, నేల, వరద గట్లు చూసేది రీజనల్ కౌన్సిల్. 1989లో ఈ ఏర్పాటు చేసినప్పుడు రీజనల్ కౌన్సిళ్ళ హద్దుల్ని ఎక్కువగా నదుల పరీవాహక ప్రాంతాలను బట్టి గీశారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. పైన కలిపిన మురికి కింద ఊళ్ళోకి వస్తే "అది మా పరిధి కాదు" అని తప్పించుకోవడం కష్టం. 1991లో వచ్చిన రిసోర్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్ ఇంకో మెలిక పెట్టింది. పర్యావరణం ఎలా ఉందో కొలుస్తూ ఉండటం కౌన్సిళ్ళకి చట్టపరమైన డ్యూటీ. మూడ్ ఉంటే కొలుస్తాం, బడ్జెట్ ఉంటే కొలుస్తాం అంటే కుదరదు.

సరే, ఏం కొలుస్తారు? ఈత కొట్టే చోట అయితే ఈ.కోలి బ్యాక్టీరియా. 100 మిల్లీలీటర్లలో 260 దాటితే జాగ్రత్త, 540 దాటితే దిగొద్దు. సరస్సు అయితే నైట్రోజన్, ఫాస్ఫరస్, నాచు ఎంత ఉందో చెప్పే క్లోరోఫిల్. ఇంకోటి నాకు భలే నచ్చింది, సెక్కీ డిస్క్. ఒక గుండ్రటి పళ్ళెం లాంటి దాన్ని తాడుకి కట్టి నీళ్ళలోకి వదులుతారు. కనపడకుండా పోయే లోతు నోట్ చేసుకుంటారు. అంతే, చిప్ లేదు, యాప్ లేదు. టౌపోలో ఆ పళ్ళెం 15 మీటర్ల దగ్గర దాకా కనిపిస్తుంది. అంటే నాలుగంతస్తుల బిల్డింగ్ పైనుంచి కింద పడేసిన ప్లేటు చూసినట్టు.

మరి అంత క్లియర్‌గా ఉంటే ప్రాబ్లం ఏంటి?

ప్రాబ్లం నేల కింద ఉంది. ఆవు మూత్రం పోసిన చోట, అక్కడి గడ్డి వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ నైట్రోజన్ పడుతుంది. మిగిలింది వాన నీటితో కిందకి దిగుతుంది. అక్కడి నేల పాత అగ్నిపర్వతాల పేలుళ్ళలో వచ్చిన ప్యూమిస్ రాయి, నిండా రంధ్రాలు. నీళ్ళు జల్లెడలోంచి దిగినట్టు దిగిపోతాయి. తర్వాత భూగర్భంలో మెల్లగా నడిచి వాగుల్లోకి, అక్కడ్నుంచి సరస్సులోకి చేరతాయి.

ఎంత మెల్లగా? సైంటిస్టులు ఆ నీళ్ళ వయసు కొలిచారు. 1960ల దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల వాన నీటిలో ట్రీషియం అనే పదార్థం పెరిగింది. దాన్ని బట్టి ఈ నీళ్ళు ఎప్పుడు వానగా పడ్డాయో అంచనా వేయొచ్చు. చాలా వాగుల్లో నీళ్ళు దశాబ్దాల వయసువి. అంటే ఇవాళ సరస్సులోకి వచ్చేది తాతల కాలం నాటి పొలం నీరు. ఇప్పటి మంద తాలూకు నైట్రోజన్ ఇంకా దారిలోనే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ స్లో అయితే రెండు నిమిషాల్లో అలర్ట్ వచ్చేది. ఇక్కడ అలర్ట్ రావడానికి ముప్పై, నలభై ఏళ్ళు పడుతుంది. వచ్చాక స్విచ్ ఆపినా లాభం లేదు, పైపులో ఉన్నదంతా రావాల్సిందే.

అందుకే వైకాటో రీజనల్ కౌన్సిల్ కంటికి కనిపించే దాకా ఆగలేదు. 1994 నుంచి నడుస్తున్న సరస్సు రీడింగ్స్, వాగుల్లో పెరుగుతున్న నైట్రోజన్ ముందు పెట్టుకుని ఒక టార్గెట్ పెట్టింది. మనుషులు తగ్గించగలిగే నైట్రోజన్‌లో 20 శాతం తగ్గాలి. నీళ్ళ క్వాలిటీ 2001లో ఉన్న స్థాయికి తిరిగి రావాలి. ఎప్పటికి? 2080కి. అవును, 2080. ఏ కౌన్సిలరూ ఓట్లు అడగడానికి పనికిరాని డేట్.

పద్ధతి ఇలా. ప్రతి పొలానికీ ఒక నైట్రోజన్ పరిమితి. 2001 నుంచి 2005 మధ్య ఏ ఏడాది లెక్క ఎక్కువ ఉంటే అది. దాటకూడదు. పక్క రైతు తగ్గించుకుంటే అతని వాటా మీరు కొనుక్కోవచ్చు. ఇంకోవైపు కేంద్రం, రీజనల్ కౌన్సిల్, డిస్ట్రిక్ట్ కౌన్సిల్ కలిసి దాదాపు 8 కోట్ల డాలర్లతో ఒక ట్రస్టు పెట్టాయి. ఆ ట్రస్టు వాటాలు కొని శాశ్వతంగా రద్దు చేసింది. కొన్ని పచ్చిక భూములు పైన్ అడవులయ్యాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళ మురుగు శుద్ధి ప్లాంట్లనీ బాగుచేశారు. కోర్టు గొడవలన్నీ తేలి 2011లో రూల్స్ పూర్తిగా అమల్లోకి వచ్చాయి. 2015కల్లా ట్రస్టు 170 టన్నుల టార్గెట్ అందుకుంది.

ఇక్కడ చప్పట్లు కొట్టి వీడియో ఆపేయొచ్చు. కానీ ఇంకో సైడ్ చూడకపోతే అన్యాయం.

పాత లెక్కే పరిమితి అయితే లాభం ఎవరికి? అప్పటికే ఎక్కువ పశువుల్ని మేపుతున్నవాళ్ళకి. భూమిని అడవిగానో ఖాళీగానో ఉంచినవాళ్ళకి చాలా తక్కువ వాటా. అలాంటి భూములు ఎక్కువగా ఎవరివి? సరస్సు అడుగు భూమికి కూడా యజమానులైన మావోరీ తెగ న్గాతి తూఫరేటోవా ప్రజలవి. సరస్సుకి తక్కువ హాని చేసినవాళ్ళకే రేపటి అవకాశం తగ్గింది. ఈ విమర్శకి సూటైన జవాబు నాకైతే కనపడలేదు.

రెండోది, ఏ పొలం నుంచి ఎంత నైట్రోజన్ కిందకి దిగుతోందో మీటర్ పెట్టి కొలవలేరు. ఓవర్‌సీర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పశువులు, ఎరువు, వాన, నేల వివరాలు ఇస్తే అది అంచనా వేస్తుంది. 2021లో ప్రభుత్వం వేసిన నిపుణుల ప్యానెల్ ఆ అంచనాల మీద నమ్మకం లేదని చెప్పింది. ఒక కుటుంబం బతుకు ఒక మోడల్ అవుట్‌పుట్ మీద ఆధారపడటం ఎంత పెద్ద విషయమో కోడ్ రాసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని లోపాలున్నా నేను కౌన్సిల్ వైపే నిలబడతాను. ఎందుకంటే నీళ్ళు పచ్చబడే దాకా ఆగి ఉంటే, ఆ రోజు రైతులందరూ ఆవుల్ని అమ్మేసినా ఇంకో తరం దాకా ఆ పచ్చదనం పోదు. అన్యాయమైన రూల్‌ని మార్చుకోవచ్చు. నేలలోకి దిగిపోయిన నైట్రోజన్‌ని వెనక్కి పిలవలేం.

ఇంకోటి, ఈ రీడింగ్స్ ఫైళ్ళలో దాచలేదు. లావా అనే వెబ్‌సైట్‌లో ఏ నదిలో ఈత కొట్టొచ్చో అక్కడి పిల్లలు ఫోన్‌లో చూసుకుంటారు. మీరూ ఓపెన్ చేసి చూడండి, ఫ్రీయే.

చూశాక మీ ఊరి చెరువు గురించి ఒక్కటి కనుక్కోండి. దాని నీళ్ళని చివరిసారి ఎవరు కొలిచారు, ఆ కాగితం ఎక్కడుంది? దొరికితే కామెంట్‌లో పెట్టండి. దొరక్కపోతే "దొరకలేదు" అని ఊరి పేరుతో పెట్టండి. ఆ లిస్టు మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి, బై.